పదకొండు రోజుల అధిపతి

ఎడమగట్టు పెద్దలకు, కుడిగట్టు పెద్దలకు, రెండు గట్ల నడుమ నీళ్లలో ఇంకా మిగిలి ఉన్న చేపలకు, అరవై నాలుగు కోతబండ్లకు, రాబోయే తరాల్లో ఈ దస్త్రాన్ని తవ్వి తీసి ఆ దుమ్ముకి తుమ్మబోయే చరిత్రకారులకు, జాబితాదారు శోభనాద్రి సాష్టాంగపడి సమర్పించుకుంటున్న క్షమాపణ.

అయ్యా, అమ్మా, నేను దుర్మార్గుణ్ణి. ఇవాళ ఈ డ్యామ్ మీద కారిన రక్తమంతా నా వేళ్ల కొసల నుంచి కారిందే. కరువు తెచ్చింది నేనే. రిజర్వాయర్‌ని అడుగు బురద దాకా ఎండగట్టిందీ నేనే, బహుశా చిన్నప్పుడు నీళ్లు ఎక్కువ తాగడం వల్ల. శవాల మధ్య కూర్చుని హాస్యమాడుతున్నందుకు, నా భాషలో పట్టభద్రుడికి ఉండాల్సిన గాంభీర్యం లేనందుకు, పట్టా పుచ్చుకున్న రోజున "జాబితాలో సొంత మాట రాయను" అని చేసిన ప్రమాణాన్ని ఇదిగో ఈ వాక్యంతో మింగేస్తున్నందుకు నన్ను క్షమించాలి. క్షమించకపోయినా రాస్తాను. ఎందుకంటే మీరెవరూ దీన్ని చదవరు.

చదవరని ఎలా తెలుసంటే, ఇది పక్కమాట. జాబితాలో ప్రతిదీ కొక్కేల మధ్య ఉంటుంది. ‹ఇల్లు› అని తెరుస్తాం, లోపల మనుషుల్ని పెడతాం, ‹/ఇల్లు› అని మూస్తాం. తెరిచే కొక్కెం పక్కన ఒక ఆశ్చర్యార్థకం, రెండు గీతలు పెడితే మాత్రం, మళ్లీ మూసే గీతల దాకా ఉన్నదంతా కోతబండి దాటేసి పోతుంది. పెద్దలు చూసే తెర మీదా అది కనబడదు. ముడి దస్త్రం తెరిస్తేనే కనబడుతుంది. ముడి దస్త్రం తెరిచేవాళ్లం రెండు గట్ల మీదా కలిపి నిన్నటిదాకా ముగ్గురం. ఇవాళ్టితో ఇద్దరం.

నమోదు 1. నడిమి గది పట్టుబడిన రోజు

రోజూ తెల్లారగానే నా పని ఒకటే. మా గట్టు జాబితా నేను తెస్తాను, వాళ్ల గట్టు జాబితా తీగ మీద వస్తే గురవయ్య మాస్టారు తెరుస్తారు. డ్యామ్ మధ్యలో ఉన్న గదిలో పక్కపక్కన కూర్చుని రెండు సగాలూ అతికిస్తాం. మాది అయిదు వందల ముప్ఫై మంది, వాళ్లది నాలుగు వందల పన్నెండు. అతికిన జాబితాని బండ్లు చదువుకుని పనిలోకి పోతాయి. మాస్టారు నాకూ మా అక్కకూ కొక్కేలు దిద్దబెట్టిన మనిషి. ఇప్పటికీ నా సగం తెరిచి "ఏంట్రా ఇది, కోడి గెలికినట్టు" అని ఒకసారి అనుకుంటే తప్ప ఆయనకి టీ దిగదు.

ఇవాళ నేను తలుపు తీసేసరికి నా వెనక ఇరవై మంది ఉన్నారు. అందరి చేతుల్లోనూ గేట్లు తిప్పే ఇనప కడ్డీలు. ముందు మా సేనాని నాంచారమ్మగారు. నన్ను పక్కకి తోసి ముందుకు నడిచారు. గుమ్మం దగ్గర కుడిగట్టు కాపలావాళ్లు నలుగురు చేపల ఈటెలతో నిలబడ్డారు. నలుగురే, కానీ గుమ్మం ఇరుకు. ఆ ఇరుకులో మావాళ్లు తొమ్మిది మంది పోయారు. నా ముందు నిలబడ్డ కోటిలింగం గొంతులోంచి ఈటె మొన నా మొహం మీదికి వచ్చి ఆగింది. జానెడు దూరం. కోటిలింగం కొంచెం బక్కగా ఉండుంటే ఈ నమోదు ఇంకెవరో రాసేవారు. కాపలావాళ్లు నలుగుర్నీ కడ్డీలతో కొట్టారు, వాళ్లు కదలడం మానేశాక కూడా కొట్టారు.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. తెర మీద రెండు సగాలూ తెరిచి ఉన్నాయి, అతుకు ఇంకా పడలేదు.

"పని మధ్యలో ఉందమ్మా. అయిదు నిమిషాలు ఆగండి" అన్నారు.

నాంచారమ్మగారు ఆగలేదు. మొదటి దెబ్బకి కళ్లజోడు పగిలింది. రెండో దెబ్బకి మాస్టారు కీబోర్డు మీద పడ్డారు. మూడో దెబ్బ అవసరం లేదు, అయినా పడింది. ఆయన నుదుటి కింద మీటలు నొక్కుకుపోయి తెర మీద ఒకే అక్షరం నాలుగు పేజీల పొడవునా పడింది. చెరపడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఏమయ్యా పండితుడా, ఇక రెండు సగాలూ నీవే. వాళ్ల సగం తీసెయ్" అన్నారు సేనానిగారు, కడ్డీని మాస్టారి కండువాతో తుడుస్తూ.

ఇక్కడ కోతబండి గురించి ఒక్క మాట. ఒక్కొక్కటీ గేదె అంత ఉంటుంది, ఆరు కాళ్లు, ముందు రెండు కత్తుల చక్రాలు. పూర్వం రిజర్వాయర్‌లో గుర్రపుడెక్క కొయ్యడానికి చేయించారు. ప్రాణం ఉన్నదేదైనా దానికి కలుపే. ‹వదిలెయ్› అనే కొక్కేల మధ్య ఉన్నవాటిని మాత్రం వదిలేస్తుంది. అందుకే పుట్టిన గంటలోపు బిడ్డని జాబితాకి ఎక్కిస్తాం. ఎవర్నయినా కోయమని రాయనక్కర్లేదు. వదిలెయ్యమని రాయకపోతే చాలు.

"వాళ్లు నాలుగు వందల మంది అమ్మగారూ" అన్నాను.

"మనం ఎవర్నీ చంపడం లేదబ్బాయ్. రాయడం మానేస్తున్నాం, అంతే. అడుగు నీళ్లు మనకొదిలి వెళ్లిపొమ్మని మూడు రోజులు గడువు ఇస్తున్నాను. వెళ్తే వాళ్ల అదృష్టం."

నీళ్లు వదిలి వెళ్లడానికి చుట్టూ రెండు వందల కిలోమీటర్ల దాకా ఎండిన నేల తప్ప ఏమీ లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

బండ్లన్నిటినీ ఆపే పిడి ఒకటి ఆ గదిలోనే ఉంది. దాన్ని కిందికి లాగి, పక్కన సుదర్శనం బాబాయ్‌ని కూర్చోబెట్టారు. ఆయన మా గట్టు తనిఖీదారు. తెర మీద ప్రతి పేరూ సరిచూసి "సరే" అంటేనే జాబితా బండ్లకి వెళ్తుంది. గొంతులో ఈటె దిగిన కోటిలింగం ఆయన తమ్ముడే. బాబాయ్ ఏడవలేదు. తమ్ముడి చెప్పులు తెచ్చి కుర్చీ కింద పెట్టుకున్నాడు.

నేను వాళ్ల సగం తీసేశాను. అందులో రెండు వందల పదకొండో వరుస మా అక్క వరహాలుది.

నమోదు 2. గడువులో మొదటి రోజు

మా గట్ల మీద పెళ్లంటే వరుస మార్పిడి. పెళ్లికూతురి వరుసని పుట్టింటి కొక్కేల్లోంచి తీసి అత్తింటి కొక్కేల్లో పెడతారు. తెర మీద అది అటు చేరగానే అక్షింతలు. అక్క పెళ్లికి ఆ పని చేసింది నేనే, పట్టా పుచ్చుకున్న మర్నాడే. "సరిగ్గా పెట్టరా, మా మామగారి గొడ్ల కొక్కేల్లో పెట్టేవు!" అని పీటల మీంచి అరిచింది. ఏకాంబరం బావ నవ్వాపుకోలేక బాసికం ఊడగొట్టుకున్నాడు. అలా నా చేతులతో నేనే దాన్ని కుడిగట్టు దానిగా చేశాను. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క కూడా మాస్టారి దగ్గరే నేర్చుకుంది. కుడిగట్టు జాబితా దిద్దేది అదే. అయిదేళ్లుగా మేమిద్దరం పక్కమాటల్లో తిట్టుకుంటున్నాం. దాని సగంలో అది రాసి తీగ మీద పంపితే, తిరిగి అటు వెళ్లే అతికిన జాబితాలో నేను జవాబిస్తాను. యుద్ధం వచ్చినా ఆ తీగ కోయాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే దాని మీద మాటలు కూడా నడుస్తాయని మాకు తప్ప ఎవరికీ తెలీదు. ఈ ఉదయం కూడా వాళ్ల సగం ఠంచనుగా వచ్చింది. చెరిపేముందు తెరిచి చూశాను.

‹!-- ఒరేయ్ దున్నపోతా. నిన్న సాయంత్రం నీకు మేనల్లుడు పుట్టాడు. అచ్చం నీ మొహం. ఏం చేస్తాం, పెంచుకుంటాం. మాస్టారు ఎలా పోయారో ఎవరూ చెప్పడం లేదు. నువ్వు చూశావా? వాడి గుండెగుర్తు కింద రాశాను. ఇక్కడి సగంలో ఎక్కించినా బండ్లు చదవవు. అవి చదివే జాబితా అక్కడే ఉంది. --›

కింద పద్దెనిమిది అంకెలు.

జాబితాలో ప్రతి మనిషి వరుసలోనూ రెండు ఉంటాయి, పేరూ గుండెగుర్తూ. పేరు మనుషుల కోసం. గుండెగుర్తు బండ్ల కోసం, ఎవరి గుండె ఎలా కొట్టుకుంటుందో పద్దెనిమిది అంకెల్లో పట్టిన ముద్ర. బండి పేర్లు చదవదు. పెద్దలు అంకెలు చూడరు. మాస్టారు దీన్ని గొప్ప ఏర్పాటు అనేవారు, ఎవరి పని వాళ్లదని. ఈ రోజు మధ్యాహ్నం పెరుగన్నం తింటూ నేను కూడా అది గొప్ప ఏర్పాటే అనుకున్నాను.

ఎందుకంటే మాకింకో ఆచారం ఉంది. పోయినవాళ్ల వరుసని పదకొండు రోజుల దాకా తీయం. పదకొండో రోజు కర్మ అయ్యాక, బంధువుల ఎదురుగా, జాబితాదారు చెరుపుతాడు. అంటే నిన్న గుమ్మంలో పోయిన తొమ్మిది మంది ఇంకా జాబితాలో సజీవులే. తొమ్మిది పేర్లు, తొమ్మిది ‹వదిలెయ్›లు. ఆ వరుసల్లో పేరు అలాగే ఉంచి అంకెలు మారిస్తే?

కోటిలింగం పేరు కింద అక్క అంకెలు పెట్టాను. ఇంకొకాయన పేరు కింద బావవి. మూడో పేరు కింద నిన్న పుట్టినవాడివి. మిగిలిన ఆరింటికీ గుర్తులు పంపమని అక్కకి రాశాను. సేవ్ చేస్తుంటే ఒక ఆలోచన వచ్చి నాలుక కరుచుకున్నాను. మావాళ్లు ఇంకో పదిమంది పోతే ఇంకో పదిమందిని దాచొచ్చు కదా అని. చెప్పాను కదా, దుర్మార్గుణ్ణి.

నమోదు 3. గడువులో ఆఖరి రోజు

నిన్న కుడిగట్టు వాళ్లు వంతెన మీదికి వచ్చి కొట్టారు. మావాళ్లు వెళ్లి వాళ్ల పడవలు తగలబెట్టారు, రెండిట్లో మనుషులుండగానే. ఆ కేకలు నడిమి గది దాకా వచ్చాయి. ఒక గంట తర్వాత ఆగాయి. అక్క దగ్గర్నుంచి ఆరుగురు పిల్లల గుర్తులు వచ్చాయి. అన్నీ ఎక్కించాను. తొమ్మిదీ నిండాయి.

ఉదయం తొమ్మిదింటికి సేనానిగారు బండ్లు సరిగ్గా చదువుతున్నాయో లేదో చూద్దామన్నారు. డ్యామ్ పైన అరవై నాలుగూ గొలుసులతో కట్టి ఉన్నాయి. ఒకదాని గొలుసు విప్పించారు. పట్టుబడ్డ కుడిగట్టు మనిషిని ఒకణ్ణి తెచ్చి దాని ముందు నిలబెట్టారు. పేరు ఆదెయ్య, గేట్లకి గ్రీజు పెట్టే మనిషి.

"అమ్మా, నిరుడు మీ వైపు గేటు ఇరుక్కుపోతే వచ్చి బాగుచేసింది నేనే" అన్నాడు ఆదెయ్య.

"అవునయ్యా, గుర్తుంది. బాగా చేశావు" అన్నారు నాంచారమ్మగారు మనస్ఫూర్తిగా. కిటికీలోంచి చూస్తున్న బాబాయ్‌కి చెయ్యి ఊపారు. పిడి లేచింది.

గుర్రపుడెక్కని కోతబండి పిడికెడేసి ముక్కలు చేస్తుంది, తొట్టెలోకి ఎత్తడానికి వీలుగా. దానికి వేరే కొలత తెలీదు. ఆదెయ్య మొదటి రెండు ముక్కల దాకా అరిచాడు. తర్వాత బండి తన పనిలో తాను ఉంది, కోసి, పోగు చేసి, తొట్టెలోకి ఎత్తి, చక్రాలు విదిలించుకుంది. ఆ విదిలింపుకి నా చొక్కా పాడైంది. నా పక్కన గొప్ప వీరుడొకాయన వాంతి చేసుకున్నాడు. నేను చేసుకోలేదు, అప్పటికే గదిలో చేసుకుని వచ్చాను కాబట్టి.

తర్వాత బండి సేనానిగారి వైపు తిరిగింది. అందరం వెనక్కి దూకాం. ఆవిడ మాత్రం చెయ్యి చాపి నిలబడ్డారు. బండి ముందుకాళ్లు మడిచి ఆవిడ ముందు మోకరిల్లింది. లేచి ఆవిడ చుట్టూ తిరుగుతూ కాపలా కాసింది. జాబితాలో మొట్టమొదటి వరుస అధిపతిది, ఇప్పుడు సేనానిగారిది. ఎవరో పాతకాలపు అధిపతి ముచ్చటపడి చేయించుకున్న ఏర్పాటు అది. ఆ గుండె ఎదురైతే బండి దణ్ణం పెట్టి రక్షణగా నిలబడాలి.

"చూశారా, రేపు తెల్లారి ఇలాగే నేను ముందు నిలబడతాను. ఒకటి దణ్ణం పెడుతుంది, మిగిలినవి పోతాయి" అన్నారు ఆవిడ.

దిగి వస్తూ నా వైపు చూశారు. "అవునూ, మొన్న పోయినవాళ్లు ఇంకా జాబితాలో ఉన్నారా?"

"పదకొండు రోజులు అమ్మగారూ. ఆచారం."

"యుద్ధంలో ఆచారమేంటి? శత్రువు ఎవడైనా ఆ వరుసల్లో దూరగలడు. తీసెయ్."

తెలివైన మనిషి. ఈ డ్యామ్ మీద నా ఎత్తు కనిపెట్టింది ఆవిడొక్కర్తే, అదీ నామీద అనుమానం లేకుండా.

గదిలో ఆవిడ వెనక నిలబడ్డారు. తొమ్మిది వరుసలూ ఒక్కొక్కటే తీశాను. కోటిలింగం పేరు వచ్చినప్పుడు సుదర్శనం బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, వాడికింకా పిండం పెట్టలేదు" అన్నాడు.

"రేపటి తర్వాత పెడదాం లేవయ్యా" అన్నారు సేనానిగారు.

తీసేశాను. తెర మీద కోటిలింగం లేడు. అక్కా లేదు, బావా లేడు, పిల్లలూ లేరు. బాబాయ్ కుర్చీలో కూర్చుని, కింద ఉన్న చెప్పుల్ని కాలితో కొంచెం లోపలికి జరుపుకున్నాడు.

అక్కకి రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది.

‹!-- సరే. ఏడవకు, నీ ముక్కు ఎర్రబడితే వాళ్లకి తెలిసిపోతుంది. ఇప్పుడు మీ జాబితాలో వరుస ఖాళీ చెయ్యాలంటే అది బతికున్న మనిషిదే. నాకూ మీ బావకూ అలాంటిది వద్దు. ఆరుగురు పిల్లల తల్లులకీ చెప్పాను, పిల్లల్ని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయారు. కానీ మూడ్రోజుల వెధవ, ఒక్కడు. తమ్ముడూ, అడగకూడదని తెలుసు. అడుగుతున్నాను. --›

నమోదు 4. తెల్లారింది

ఆరింటికి జాబితా సిద్ధం చేశాను. గొలుసులన్నీ విప్పేశారు. నాంచారమ్మగారు కొత్త చీర కట్టుకుని, పైన కాపలావాళ్ల జాకెట్ వేసుకుని, అరవై నాలుగు బండ్ల ముందు నిలబడ్డారు. మావాళ్లు వెనక బారులు తీరారు. అవతలి గట్టు మీద కూడా జనం కనబడుతున్నారు. ఇళ్లల్లో దాక్కోలేదు. దాక్కుని లాభం లేదు, గోడ అవతల ఉన్న గుండె కూడా బండికి వినబడుతుంది.

బాబాయ్ తెర మీద పేర్లు పైనుంచి కిందిదాకా చూశాడు. అయిదు వందల ఇరవై ఒకటి. మళ్లీ పైకి వెళ్లాడు.

"మొదటి వరుస సరిగ్గా ఉందా అబ్బాయ్?"

"ఉంది బాబాయ్. పేరు కనబడుతోందిగా."

ఆయన నా మొహంలోకి చూశాడు. మా నాన్న పోయిన రోజు తప్ప ఎప్పుడూ అలా చూడలేదు.

"పేరు కనబడితే చాలు" అన్నాడు. "సరే" నొక్కాడు. పిడి ఎత్తాడు.

బండ్లు ఒక్కసారి ఒళ్లు విరుచుకుని లేచాయి. కుడిచివర ఉన్నవి అప్పుడే అవతలి గట్టు వైపు పరుగెత్తాయి. నాంచారమ్మగారికి ఎదురుగా ఉన్న బండి ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ చెయ్యి చాపారు. అది మోకరిల్లలేదు.

ముందు చాపిన చెయ్యి పోయింది. ఆవిడ అరవలేదు, ఆ చేతి వైపు విసుగ్గా చూశారు, ఎవరో పని సరిగ్గా చెయ్యనట్టు. తర్వాత భుజం. "ఒరేయ్, నేనురా!" అన్నారు. అది బండితో అన్నారో నాతో అన్నారో తెలీదు. పక్క బండి కూడా వచ్చి చేరింది. రెండూ కలిసి కోసి, పోగు చేసి, ఎత్తాయి. కొత్త చీర చక్రానికి చుట్టుకుని బర్రుమని కాసేపు తిరిగింది. మావాళ్ల బారులు విరిగిపోయాయి, కొందరు ఒకళ్ల మీదినుంచి ఒకళ్లు రిజర్వాయర్‌లోకి దూకారు. ఆ వైపు నీళ్లు లేవని మర్చిపోయారు. ఇద్దరు బురదలో మెడలు విరిగి పోయారు.

"బాబాయ్! పిడి! మనవాళ్లని కోస్తున్నాయి!" అని అరిచాను.

మనవాళ్లకి కోత తగిలితే వెంటనే పిడి లాగాలి. తనిఖీదారు చేసే ప్రమాణంలో మొదటి మాట అదే. బాబాయ్ చెయ్యి పిడి మీదే ఉంది. లాగలేదు. కిటికీలోంచి తొట్టె వైపు చూస్తున్నాడు.

"తమ్ముడి వరుస తీసినప్పుడు ఎంతసేపు పట్టిందిరా?" అన్నాడు.

"బాబాయ్, అవతల అక్క!"

అప్పుడు లాగాడు. పదిహేడు సెకన్లు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను.

పదిహేడు సెకన్లలో అవతలి గట్టు మీద ముప్ఫై ఒక్క మంది పోయారు. మొదటి వీధి మొత్తం. వాళ్లలో ఏకాంబరం బావ ఒకడు, వీధి మొదట్లో పార పట్టుకుని నిలబడ్డాడట. పార రెండు ముక్కలైంది, బావ చాలా ముక్కలయ్యాడు.

అక్క అదే వీధిలో మూడో ఇంట్లో ఉంది, బిడ్డని గుండెలకి అదుముకుని.

నమోదు 5. నివేదిక సమర్పించిన రోజు

సుదర్శనం బాబాయ్ ఇప్పుడు మా గట్టు పెద్ద. ఆయన మొదటి ఆజ్ఞ రెండు సగాలూ మళ్లీ అతికించమని. రెండో ఆజ్ఞ, పోయినవాళ్లలో ఎవరి వరుసనీ పదకొండు రోజుల దాకా ముట్టుకోవద్దని. ఎవరిదీ అంటే ఎవరిదీ. సేనానిగారితో సహా. కోటిలింగం వరుసని నాచేతే మళ్లీ రాయించాడు. చెప్పులు పక్కన పెట్టుకుని చూశాడు.

నీళ్లు సగం సగం. ఈ ఒప్పందం యుద్ధానికి ముందు కూడా ఉంది, అప్పుడు దాన్ని పిరికితనం అనేవారు.

సేనానిగారిని బండి ఎందుకు కోసిందో విచారించమని పెద్దలు ఒకణ్ణి నియమించారు. ముడి దస్త్రం చదవగలవాడు ఈ గట్టు మీద ఒక్కడే కాబట్టి నన్నే. నేను మూడు రోజులు నన్ను నేను చాలా కఠినంగా ప్రశ్నించుకుని పద్నాలుగు పేజీల నివేదిక ఇచ్చాను. సారాంశం ఇది. "ఆ ఉదయం యుద్ధోత్సాహంలో సేనానిగారి గుండె మునుపెన్నడూ లేనంత ధీరంగా కొట్టుకోవడం వల్ల, బండి ఆ గుండెని గుర్తుపట్టలేకపోయింది." పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. వంతెన దగ్గర ఆవిడ విగ్రహం పెడతారట, చెయ్యి చాపి. కింద చెక్కడానికి నా వాక్యాన్నే తీసుకున్నారు.

నమోదు 6. పదకొండో రోజు

ఇవాళ సేనానిగారి వరుస తీయాలి. బావ వరుస కూడా. ఒకే రోజు పోయారు కదా. రెండు గట్ల నుంచీ బంధువులు నడిమి గదికి బయలుదేరారు. గంటలో వస్తారు. అంతకుముందే వాళ్ల సగం వచ్చింది. తెరిచాను.

‹!-- ఒరేయ్ శోభా. నీ మేనల్లుణ్ణి జాబితాకి ఎక్కించబోతే "ఈ గుర్తు ఇదివరకే ఉంది" అంటోంది. పది రోజుల నుంచీ అంతే. ఎక్కడుందో వెతకబుద్ధి కాలేదు. ఆ రోజు బండి మా తలుపు చీల్చుకుని లోపలికొచ్చింది. వీణ్ణి ఎత్తుకుని గోడకి ఆనుకున్నాను. అది వీడి ముందు మోకరిల్లింది. లేచి మా చుట్టూ తిరిగింది. నన్ను కొయ్యాలంటే వీణ్ణి తాకాలి కాబోలు, కొయ్యలేదు. ఇప్పుడు వీడు పాలకి ఏడిస్తే వీధిలో బండ్లన్నీ లేచి నిలబడుతున్నాయి. నిన్న నీళ్లు పోస్తుంటే ఒకటి గుమ్మంలోకొచ్చి దణ్ణం పెట్టింది. మా అత్తగారు దానికి బొట్టు పెట్టింది. ఎవరికీ అర్థం కాలేదు. నాకయింది. మాస్టారి కోసం చేశావు, యుద్ధం ఆగాలని చేశావు, కదూ? సేనాని పడితే సుదర్శనం బాబాయ్ పిడి లాగుతాడని ముందే లెక్క వేసుకున్నావు. మీ బావ పోయినా నేను నిలబడి ఉన్నది ఆ ఒక్క మాట పట్టుకునే. అవునని రాయి. --›

అవునని రాయడానికి మూడక్షరాలు చాలు, కానీ రాయలేను. ఈ నమోదులన్నీ ఇప్పటిదాకా నా ప్రతిలోనే దాచుకున్నాను. ఇప్పుడు ఇది మొత్తం సేవ్ చేసి నీకు పంపుతున్నాను అక్కా. పైన క్షమాపణ ఒకటి ఉంది, దాన్ని పట్టించుకోకు. కరువు నేను తేలేదు.

ఆ పొద్దున వాడికి నా వరుస ఇద్దామనే కూర్చున్నాను. నాలుగు వందల ఎనిమిది. నా పేరు ఉంచి నా అంకెలు చెరిపాను. పద్దెనిమిది ఖాళీలు. వాడివి ఎక్కించడానికి అరనిమిషం చాలు. నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది. అది ఆదెయ్య అరుపులా ఉంది. నా అంకెలు మళ్లీ నేనే ఎక్కించుకున్నాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

తర్వాత పైకి జరిపాను. నా పైన టీ కొట్టు రాజమ్మ. ఆగలేకపోయాను. ఆవిడ పైన ఆవిడ ముగ్గురు కొడుకులు. వాళ్ల పైన మన నాన్నకి వైద్యం చేసినాయన. బాబాయ్ పేరు మీద కాసేపు ఆగాను, ఆ చెప్పులు గుర్తొచ్చాయి. ఇంకా పైకి జరిపాను. ప్రతి పేరుకీ మొహం ఉంది. అలా జరుపుకుంటూ మొదటి వరుస దాకా వచ్చేశాను. మాస్టారు గుర్తుకు రాలేదు. యుద్ధం గుర్తుకు రాలేదు. పిడి సంగతి అసలే గుర్తుకు రాలేదు. బావని కాపాడొచ్చన్న ఆలోచనే లేదు.

నాకు భయమేసింది. ఆ వరుసకి పైన ఇంకెవరూ లేరు. వాడి అంకెలు అక్కడ పెట్టేశాను.